తొట్టి నీరు పచ్చబడితే ఏం చేయాలి?



ఒక ఎండాకాలం సెలవుల్లో ఒకే ఇంటి నుండి ముగ్గురు పిల్లలు మా ఓ.పి.కి వచ్చారు. పెద్దమ్మాయికి చెవిపోటు. రెండో అబ్బాయికి కళ్లు ఎర్రబడి నీరు కారుతున్నాయి. నాలుగేళ్ల చిన్నవాడికి ఒంటి మీద దద్దుర్లు, దానితోపాటు వదలని దగ్గు. వెంట వచ్చిన నాయనమ్మగారిని అడిగితే సంగతి తెలిసింది. కొడుకు కుటుంబం సెలవులకు వస్తున్నదని మామిడి తోటలో చిన్న ఈత తొట్టి కట్టించారు. మొదటి వారం నీళ్లు అద్దంలా ఉన్నాయట. రెండో వారానికి పచ్చబడ్డాయి. "మేం చెరువులో ఈదిన వాళ్లమే కదా, ఏమవుతుందిలే" అని తాతగారు పిల్లలను దింపారు.

మందుల చీటీ తీసుకుని లేస్తూ ఆమె ఇంకొక మాట అన్నారు. "నిన్న సాయంత్రం వీడు మునిగిపోతే ఎవరికీ కనపడలేదు సిస్టరమ్మా. వాళ్లన్న కాలికి మెత్తగా ఏదో తగిలిందని చెయ్యి పెట్టి లాగితే వీడొచ్చాడు. దేవుడి దయ."

ఆ మాట వినగానే డాక్టరుగారు చీటీ వెనక్కి తీసుకున్నారు. బాబు ఊపిరితిత్తులను పరీక్షించి, ఆ రాత్రి వార్డులో ఉంచారు. మరుసటి రోజు మధ్యాహ్నానికి దగ్గు తగ్గి నవ్వుతూ ఇంటికి వెళ్లాడు. చెవిపోటుకు చుక్కల మందు ఉంది, దద్దుర్లకు పూత మందు ఉంది. కాని పచ్చని నీళ్లలో మునిగిన పిల్లవాడిని చూడగలిగే కన్ను ఎవరికీ లేదు. అందుకే ఈ నెల ఈ పాఠం.

ఇప్పుడు మన ప్రాంతంలో తోటల్లో, కొత్త ఇళ్లలో ఈత తొట్లు కడుతున్నారు. తొట్టి కట్టించేవారు నీటిని ఎలా కాపాడుకోవాలో చెప్పి వెళ్లడం తక్కువ. మేము రోజూ ఆసుపత్రి నీటి ట్యాంకుల్లో క్లోరిన్ చూసేవాళ్లం గనుక మాకు తెలిసినంత మీకు చెబుతున్నాము.

నీరు ఎందుకు రంగు మారుతుంది?

పచ్చరంగు నాచుది. గాలితో, ఆకులతో, కాళ్ల మట్టితో నాచు కణాలు ఎప్పుడూ నీటిలో పడుతూనే ఉంటాయి. నీటిలో క్లోరిన్ ఉన్నంతసేపు అవి చస్తాయి. క్లోరిన్ అయిపోయి, ఎండ, వేడి తోడైతే రెండు మూడు రోజుల్లోనే తొట్టి పచ్చబడుతుంది. చెమట, మూత్రం, పొలం నుండి ఎగిరివచ్చే ఎరువు పొడి నాచుకు మేత.

నీరు పచ్చగా కాక తెల్లగా, పాలు చిలికినట్లు ఉంటే కారణం వేరు. ఫిల్టరు సరిగా పనిచేయకపోవచ్చు. బోరు నీటిలోని సున్నం తేలవచ్చు. చచ్చిన నాచు సన్నని నలకలుగా తేలుతూ ఉండవచ్చు.

మూడో రకం కూడా ఉంది. క్లోరిన్ వేసేవరకు తేటగా ఉన్న బోరు నీరు, వేయగానే టీ డికాక్షన్‌లా ఎర్రబడుతుంది. అది నాచు కాదు, నీటిలోని ఇనుము. దానికి ఇంకా ఇంకా బ్లీచింగ్ వేసి ప్రయోజనం లేదు. పటికతో పేర్చి, ఫిల్టరుతో తీసివేయాలి.

మొదటి నియమం: అడుగు కనిపించకపోతే ఎవరూ దిగకూడదు

ఒక తెల్ల పింగాణీ పళ్లెం తొట్టిలో అన్నింటికంటే లోతైన చోట అడుగున పెట్టండి. గట్టు మీద నిలబడి చూస్తే పళ్లెం అంచు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే ఆ రోజు ఈత లేదు. పెద్దవాళ్లకూ లేదు.

నీటిలో మునిగే పిల్లలు సినిమాలో లాగా కేకలు వేయరు, చేతులు ఊపరు. నోట్లోకి నీరు పోతుంది గనుక అరవలేరు. కొద్ది క్షణాల్లోనే చప్పుడు లేకుండా అడుగుకు పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు 5 ఏళ్ల లోపు పిల్లలే. తేట నీటిలో గట్టు మీద కూర్చున్న పెద్దవారికి పిల్లవాడు కనిపిస్తాడు. పచ్చ నీటిలో జానెడు కిందికి పోయినా కనిపించడు.

చెడిన నీటి వలన వచ్చే జబ్బులు

క్లోరిన్ లేని నీటిలో చెవి రంధ్రం పుండుపడుతుంది, కళ్లు కలుగుతాయి, వెంట్రుక కుదుళ్ల దగ్గర ఎర్రని పొక్కులు లేస్తాయి. నీరు మింగితే విరేచనాలు, పచ్చకామెర్లు రావచ్చు.

అరుదైనదే అయినా చెప్పక తప్పనిది మరొకటి ఉంది. వెచ్చని మంచినీటిలో నేగ్లేరియా అనే అమీబా పెరుగుతుంది. పత్రికలవారు దీనినే మెదడు తినే అమీబా అంటున్నారు. 2024లో కేరళలో కొందరు పిల్లలు ఈ జబ్బుతో చనిపోయారు. ఇది తాగితే రాదు, ముక్కులోనికి నీరు ఎక్కితే వస్తుంది. సరిపడా క్లోరిన్ ఉన్న నీటిలో బ్రతకదు. ఈత కొట్టిన తరువాత 12 రోజుల లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. వచ్చినప్పుడు "పిల్లవాడు ఫలానా నీటిలో ఈదాడు" అని మీరే ముందుగా చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యానికి దారి చూపుతుంది.

ముందు నీటిని కొలవండి

మేము మందు ఇచ్చే ముందు బిడ్డ బరువు చూస్తాము. నీటికీ అంతే. ఎన్ని లీటర్లో తెలియకుండా ఏదీ వేయకూడదు.

పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 28తో గుణిస్తే సుమారుగా లీటర్లు వస్తాయి. పొడవు 16 అడుగులు, వెడల్పు 10 అడుగులు, లోతు 4 అడుగులు అనుకుందాం. 640 ఘనపుటడుగులు. అంటే సుమారు 18,000 లీటర్లు. కింద చెప్పే లెక్కలన్నీ ఈ తొట్టికే. మీది ఇందులో సగమైతే సగం, రెట్టింపైతే రెట్టింపు వేయాలి.

ఈత తొట్టి సామాన్లు అమ్మే దుకాణంలో నీటి పరీక్ష పెట్టె దొరుకుతుంది. అందులో రెండు పరీక్షలు ఉంటాయి: ఒకటి క్లోరిన్‌కు, రెండవది పి.హెచ్.కు. ఇది లేకుండా తొట్టి నడపడం థర్మామీటరు లేకుండా జ్వరం చూడడమే.

శుభ్రం చేసే వరుస

1. చెత్త తీయండి. ఆకులు, పురుగులు జల్లెడ వలతో తీసివేయండి. పొడవైన బ్రష్‌తో గోడలు, మెట్లు, మూలలు గట్టిగా రుద్దండి. గోడకు అంటుకున్న నాచును రుద్దకపోతే మందు పై పొరకే తగిలి ఆగిపోతుంది. ఈ పని గట్టు మీద నుండే చేయాలి, నీటిలోకి దిగకూడదు.

2. పి.హెచ్. సరిచేయండి. 7.2 నుండి 7.6 మధ్య ఉండాలి. పి.హెచ్. 7.2 ఉన్నప్పుడు నీటిలోని క్లోరిన్‌లో మూడింట రెండు వంతులు క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8కి చేరితే నాలుగో వంతే పనికి వస్తుంది. "బ్లీచింగ్ ఎంత వేసినా నాచు పోవడం లేదు" అనేవారి ఇంట చాలాసార్లు లోపం ఇక్కడే. పి.హెచ్. ఎక్కువైతే దుకాణంలో దొరికే పొడి యాసిడ్, తక్కువైతే సోడా యాష్, ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో కలపండి. కలిపిన తరువాత కొన్ని గంటలు పంపు తిప్పి మళ్లీ పరీక్షించండి.

3. సాయంత్రం క్లోరిన్ వేయండి. పచ్చబడిన నీటికి లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. మన 18,000 లీటర్లకు 180 గ్రాముల క్లోరిన్. తాజా బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ నూటికి 30 పాళ్లు ఉంటుంది గనుక 600 గ్రాములు పడుతుంది. నూటికి 65 పాళ్లు ఉండే కాల్షియం హైపోక్లోరైట్ అయితే 280 గ్రాములు చాలు. మూత తీసి నెలల తరబడి ఉంచిన బ్లీచింగ్‌లో బలం ఉండదు. అది వాసన లేని సున్నంతో సమానం.

సాయంత్రమే ఎందుకంటే, ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది. మిట్టమధ్యాహ్నం వేస్తే కొన్ని గంటల్లోనే చాలా భాగం పోతుంది. రాత్రంతా పని చేయాలంటే పొద్దు వాలిన తరువాత వేయాలి.

కలిపే విధానం: ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీరు పోయండి. అందులోకి పొడిని కొంచెం కొంచెంగా వేసి కర్రతో కలపండి. పొడి మీద నీరు పోయకూడదు. బకెట్‌కు 150 గ్రాములకు మించవద్దు. అరగంట ఆగితే సున్నం అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీటిని తొట్టి చుట్టూ తిరుగుతూ పోయండి. చేతికి గ్లవుజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. గాలి మీ వీపు వైపు నుండి వీచేలా నిలబడండి.

4. ఫిల్టరు ఆపవద్దు. ఒక పగలు ఒక రాత్రి ఆగకుండా తిప్పండి. ఇసుక ఫిల్టరు మీద ఉన్న మీటరు శుభ్రంగా ఉన్నప్పటి కంటే 8 నుండి 10 పాయింట్లు పెరిగితే ఇసుక నిండిపోయిందని అర్థం. నీటిని వెనక్కి తిప్పి ఇసుకను కడగండి. నాచు చచ్చే రోజుల్లో రోజుకు రెండు మూడుసార్లు కడగవలసి రావచ్చు.

5. తెల్లవారి పరీక్షించండి. నీరు పచ్చదనం పోయి బూడిద రంగుగా, పాలు కలిపినట్లుగా మారితే నిరాశపడకండి. నాచు చచ్చిందని గుర్తు. క్లోరిన్ సున్నా చూపిస్తే మాత్రం నాచు ఇంకా బ్రతికి ఉన్నట్టే. ఆ సాయంత్రం మళ్లీ అదే మోతాదు వేయండి. రాత్రి చూసిన క్లోరిన్ తెల్లవారేసరికి దాదాపు అంతే ఉన్న రోజున నాచు పోయినట్టు.

6. మడ్డి నీటికి పటిక. మన పెద్దలు కుండలో చిల్లగింజ అరగదీసి నీరు తేర్చేవారు. పటిక పని కూడా అలాంటిదే. సన్నని నలకలన్నీ ఒకదానినొకటి పట్టుకుని బరువెక్కి అడుగుకు దిగుతాయి. 18,000 లీటర్లకు సుమారు అర కిలో పటికను బకెట్ నీటిలో పూర్తిగా కరిగించి తొట్టి అంతటా పోయండి. కాసేపు కలియబెట్టి పంపు ఆపండి. రాత్రంతా నీటిని కదిలించవద్దు. ఉదయానికి మడ్డి దుప్పటిలా అడుగున పరుచుకుంటుంది. దాన్ని గొట్టంతో నెమ్మదిగా లాగి బయటకు వదలండి. ఫిల్టరులోకి పంపితే అక్కడ గడ్డకడుతుంది. పటిక పి.హెచ్.ను తగ్గిస్తుంది గనుక తరువాత మళ్లీ చూడండి.

7. తగ్గిన నీటిని నింపి, రెండు పరీక్షలూ మళ్లీ చేయండి. క్లోరిన్ 1 నుండి 3 మధ్యకు దిగి, పి.హెచ్. సరిగా ఉండి, పళ్లెం స్పష్టంగా కనిపించినప్పుడే పిల్లలను పిలవండి. తేటగా ఉన్నంత మాత్రాన మంచి నీరు కాదు. నాచు పోయి క్లోరిన్ కూడా లేని నీరు చూడడానికి అందంగా ఉంటుంది, లోపల క్రిములు ఉంటాయి. మూడూ కుదరాలి.

మొత్తం పనికి మూడు నుండి ఏడు రోజులు పట్టవచ్చు. నీరు నల్లబడి దుర్వాసన వస్తున్నా, ఏదైనా జంతువు పడి చచ్చినా ఇంత శ్రమ పడకుండా ఖాళీ చేసి కడగడమే మేలు. కాని గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో వానాకాలం భూగర్భ జలం పైకి ఉంటుంది. అప్పుడు నేలలో కట్టిన తొట్టిని పూర్తిగా ఖాళీ చేస్తే అడుగు పగలవచ్చు. మేస్త్రీని అడిగి చేయండి. క్లోరిన్ ఎక్కువగా ఉన్న నీటిని చేపల చెరువులోకి, కాలువలోకి వదలకండి, చేపలు చస్తాయి.

ఎన్నడూ చేయకూడనివి

బ్లీచింగ్‌లో యాసిడ్ కలపకండి. మా ఎరుకలో ఒక కాపలాదారు తొట్టి త్వరగా తెల్లబడుతుందని బ్లీచింగ్ బకెట్‌లో బాత్‌రూమ్ యాసిడ్ పోశాడు. ఆకుపచ్చ పొగ లేచింది. అది క్లోరిన్ వాయువు. అతనికి రెండు రోజులు ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది. ఇలా జరిగితే వెంటనే గాలి వచ్చే చోటికి తీసుకువెళ్లండి. బట్టలు మార్చి, కళ్లను 15 నిమిషాలు ధారగా కడగండి. దగ్గు తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు.

రెండు రకాల క్లోరిన్ కలపకండి. బ్లీచింగ్ పొడి, క్లోరిన్ బిళ్లలు ఒకే బకెట్‌లో గాని, ఒకే గరిటెతో గాని వాడకూడదు. మంట లేవవచ్చు, పేలవచ్చు. బ్లీచింగ్ సంచిని యూరియా, కిరోసిన్, డీజిల్ ఉన్న గదిలో పెట్టకండి.

మైలుతుత్తం వేయకండి. తోట ఉన్నవారి ఇంట అది చేతికి అందుబాటులో ఉంటుంది, నాచును చంపుతుంది కూడా. కాని అంచనాగా వేస్తే గోడలకు మరకలు పడతాయి, నీరు మింగిన పిల్లలకు వాంతులవుతాయి. పొడి నేరుగా నోట్లోకి పోతే ప్రాణాపాయం.

పంపు వైర్లు తడి చేతులతో ముట్టకండి. పంపు నడుస్తుండగా ఎవరూ నీటిలో ఉండి బ్రష్ చేయకూడదు.

మళ్లీ పచ్చబడకుండా

రోజూ క్లోరిన్, రెండు రోజులకొకసారి పి.హెచ్. చూడండి. పంపు రోజూ ఆరు నుండి ఎనిమిది గంటలు నడపండి. అందరూ సబ్బుతో స్నానం చేసిన తరువాతే దిగాలి. పిల్లలను గంటకొకసారి మూత్రానికి తీసుకువెళ్లండి. తొట్టి దగ్గర ఘాటైన వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పటి వాసన. విరేచనాలతో ఉన్న బిడ్డను నీటిలోకి దింపవద్దు. క్రిప్టోస్పొరిడియం అనే పరాన్నజీవి సరైన క్లోరిన్ ఉన్న నీటిలో కూడా వారం రోజులకు పైగా బ్రతుకుతుంది.

మీ ప్రశ్నలు

గాలి ఊదే ప్లాస్టిక్ తొట్టికి కూడా ఇవన్నీ చేయాలా?
అవసరం లేదు. ప్రతి సాయంత్రం నీరు పారబోసి, తుడిచి, ఎండబెట్టండి. రాత్రి నీటితో వదలకండి. పాకే బిడ్డకు జానెడు నీరు చాలు.

సెలవులు అయిపోయాక తొట్టి అలాగే ఉంటుంది, పరవాలేదా?
పరవాలేదని చెప్పలేము. కదలని నీటిలో దోమలు పెడతాయి. అయితే నీటిని కాపాడండి, లేదంటే ఖాళీ చేసి కప్పండి. సంఘాల్లో బాప్తిస్మపు తొట్లకు కూడా ఇదే మా మనవి. కార్యక్రమం అయిన రోజే ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి మూత వేయండి. నీరు ఉన్నన్నాళ్లు ఆ గదికి తాళం ఉండాలి.

క్లోరిన్ బిళ్లలు వాడితే సరిపోదా?
రోజువారీకి పనికొస్తాయి. వాటిలో క్లోరిన్‌ను ఎండ నుండి కాపాడే పదార్థం ఉంటుంది. కాని అది నెలల తరబడి నీటిలో పేరుకుపోతే క్లోరిన్ మందగిస్తుంది. అప్పుడు కొంత నీరు మార్చడం తప్ప మార్గం లేదు.

ఎవరైనా మునిగితే

బయటకు తీసి, ఊపిరి ఆడుతున్నదా చూడండి. ఆడకపోతే ముందు నోటిలో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదండి. తరువాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కండి, రెండుసార్లు ఊదండి. సహాయం అందేవరకు ఆపవద్దు. మరొకరు 108కి ఫోన్ చేయాలి. పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకోవడం, భుజాన వేసుకుని తిప్పడం చేయకండి. నీరు కక్కించాలని గడిపే ప్రతి నిమిషమూ మెదడుకు నష్టం. బ్రతికి లేచి కూర్చున్నా, దగ్గు, ఆయాసం, మత్తు ఏ కాస్త ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

ఆ నాయనమ్మగారు నెల తరువాత బి.పి. చూపించుకోవడానికి వచ్చారు. తొట్టి ఇప్పుడు ఎలా ఉందని అడిగాము. "తెల్ల పళ్లెం అడుగునే వదిలేశాం సిస్టరమ్మా. మా ఆయన పొద్దున్నే కాఫీ కంటే ముందు దాన్ని చూసి వస్తున్నారు" అన్నారు.

మీ ఇంట తొట్టి ఉంటే ఒక పాత పళ్లెం దానికి కేటాయించండి. అది కనిపించని రోజున గట్టుకు తాడు కట్టి, పిల్లలను మామిడి చెట్టు కింద ఆడుకోనివ్వండి.